సగం బిళ్ళ

"ఇది ఇత్తడి. దీనికి గొంతు లేదు," అంటూ సుక్రు ఒక గరిటెను పక్కన పడేశాడు.

"గంటకి ఇత్తడి పనికిరాదా మావా?" అడిగింది చిట్టెమ్మ.

"కొంచెమైతే పరవాలేదు. ఎక్కువైతే గంట మోగదు, దగ్గుతాది. ఇత్తడి వంగుతాది. కంచు వంగదు, విరుగుతాది. విరిగినకాడ సూడు, రవ్వరవ్వగా మెరుస్తాది. ఏ రెండు ముక్కలూ ఒక్కలాగ విరగవు."

ముంచింగిపుట్టు చుట్టుపక్కల ఎక్కడ గంట కావాలన్నా సుక్రే పోతపొయ్యాలి. ఇప్పుడు ఈ ఊరి గెడ్డ ఒడ్డున కొలిమి పెట్టాడు.

ఇంటికో కంచు ముక్క తెచ్చి, కాగుతున్న మట్టిమూసలో వెయ్యాలి. వేసేటప్పుడు ఆ ఇంటివాళ్ళ పేరు గట్టిగా పిలవాలి. పేరు పిలవని ముక్క గంటలో కలవదని అక్కడివాళ్ళ నమ్మకం.

ఈ గంట ఒక చనిపోయిన మనిషి కోసం.

కిందటేడు వానల్లో, బడి నుంచి వస్తున్న పిల్లల మీదికి గెడ్డ పొంగింది. దారినపోతున్న మనిషొకడు దూకాడు. చిట్టెమ్మ కూతురు సుమను ఒడ్డుకు నెట్టి, తాను కొట్టుకుపోయాడు.

శవం దొరికింది. పేరు దొరకలేదు. మొలతాడుకి కట్టిన సగం కంచు బిళ్ళ మాత్రం మిగిలింది. తాయెత్తు ముక్క అనుకున్నారంతా.

మైనంతో చేసిన గంట రూపు మీద సుక్రు ఆ బిళ్ళను నొక్కి, గుర్తు దింపాడు. ఆ పైన మట్టి మెత్తి, మైనాన్ని కరిగించేశాడు. ఇక ఆ ఖాళీలో లోహం పొయ్యడమే మిగిలింది. బిళ్ళకు పసుపు రాసి ఆకులో పెట్టారు. ఆఖరున మూసలో వెయ్యాల్సింది అదే.

"పేరు తెలీదు కదా, ఏటని పిలుత్తాం?" అన్నాడు సుక్రు.

"దేవుడని పిలుద్దాం. ఏడాదై ఎతుకుతన్నాను మావా. ఆయనోళ్ళు ఎవరైనా దొరికితే కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన సల్లుకుంతాను," అంది చిట్టెమ్మ.

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఊరంతా మహా భక్తిగా ఉంది.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఒక ఆడమనిషి వచ్చింది. మాసిన చీర, దుమ్ము కొట్టుకున్న కాళ్ళు. అవతలి కొండల మనిషి. ఆకులో ఉన్న బిళ్ళను చూసి, చటుక్కున తీసుకుని గుండెకి అదుముకుంది.

"ఓలమ్మో, దొంగ!" అరిచింది చిట్టెమ్మ. "దేవుడి బిళ్ళ ఎత్తుకుపోతంది!"

ఆ మనిషి ఏదో చెప్పింది. ఆమె భాష అక్కడ ఎవరికీ రాదు. ఒక్క మాట మాత్రం మళ్ళీ మళ్ళీ అరిచింది. ఒక చేత్తో బిళ్ళ పట్టుకుని, రెండో చేత్తో కొంగుముడి విప్పబోయింది. ముడి బిగిసిపోయి ఉంది.

"సిల్లంగి మంత్రం సదువుతంది! దాని నోరు ముయ్యండి!"

అని అరుస్తూనే చిట్టెమ్మ కొలిమిలోంచి పట్టుకారు లాగి, బిళ్ళ పట్టుకున్న చేతి మీద పెట్టింది. చర్మం కాలిన వాసన వచ్చింది. బిళ్ళ కింద పడింది. మిగతావాళ్ళు ఆమెను జుట్టు పట్టుకుని ఈడ్చారు. ఒకామె మొహాన ఉమ్మేసింది కూడా.

"ఆగండే! ఏటంతాదో ఇనండి ముందు," అన్నాడు సుక్రు.

"నీ మూస సూసుకో మావా. సల్లారిపోతే మళ్ళీ ఎవుడు కాస్తాడు?"

అదీ నిజమే. సుక్రు బిళ్ళ తీసి మూసలో వేశాడు.

"దేవుడో!" అని ఊరంతా పిలిచింది.

ఎర్రటి లోహంలో బిళ్ళ మునిగిపోవడం చూసి ఆ మనిషి అరవడం మానేసింది. పట్టుకున్నవాళ్ళు వదిలేశారు. పళ్ళతో కొంగుముడి విప్పుకుంది. అందులోంచి ఏదో తీసి, ఖాళీ అయిన ఆకులో పెట్టి, గెడ్డ దాటి వెళ్ళిపోయింది.

"ఎక్కడో కొట్టేసిన సొత్తు. బయపడి వదిలేసి పోనాది," అని చిట్టెమ్మ నవ్వింది. లోహం పోసే హడావిడిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు మట్టి పగలగొట్టారు. గంట చక్కగా వచ్చింది. కర్రతో కొడితే అవతలి కొండ దాకా మోగింది. ఊరు చప్పట్లు కొట్టింది.

సామాను సర్దుతూ సుక్రు ఆకు దులపబోయాడు. చేతికి చిన్న ముక్క తగిలింది. సగం కంచు బిళ్ళ. విరిగిన అంచు రవ్వరవ్వగా మెరుస్తోంది.

తీసుకెళ్ళి గంట మీది గుర్తు పక్కన పెట్టాడు. అంచుకి అంచు కుదిరింది. బిళ్ళ గుండ్రంగా నిండింది.

"ఇదేటి మావా?" అంది చిట్టెమ్మ.

సుక్రు కుదిరిన అంచును వేలితో తడిమాడు.

"మా ముసల్ది ఎప్పుడో సెప్పింది. ఇప్పుడు గేపకం వచ్చింది. ఆ కొండల్లో మొగుడు దూరం పనికెల్తే కంచు బిళ్ళ విరుత్తారంట. ఒక ముక్క ఆడి మొలతాడుకి. రెండోది పెళ్ళాం కొంగుకి."

చిట్టెమ్మ గెడ్డ అవతలి దారి వైపు చూసింది.

"ఆ మనిషి... ఒకటే మాట అరిసింది కదా మావా. ఏటది?"

సుక్రుకు గుర్తు రాలేదు. ఆడవాళ్ళందరినీ అడిగారు. తాము తిట్టిన తిట్లు ఒక్కొక్కరికీ గుర్తున్నాయి. ఆ మాట మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఏడాదిగా ఊరు వెతుకుతున్న ఆ పేరును, చెయ్యి కాలుతున్నా ఆపకుండా, అతని పెళ్ళాం వాళ్ళ మొహాల మీదే అరిచి చెప్పి వెళ్ళిపోయింది.