గూటి గుమ్మం

జీబెక్‌కు మామంటే లెక్కలేదు. ఎసెన్‌కుల్ మనసులో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి. కోళ్లగూడు దగ్గర అది మరోసారి బయటపడింది, అంతే.

"గుమ్మం ఇటు వద్దు మావయ్యా," అంది జీబెక్, టీ గిన్నె ఆయన ముందు పెడుతూ. "గొర్రెల దొడ్డి వైపు పెట్టండి. ఇటు గాలి కొడుతుంది."

ఎసెన్‌కుల్ చేతిలో తాపీ ఆగింది. మట్టి ఇటుకలు అప్పటికి మోకాలెత్తు లేచాయి. పోయిన చలికాలం మంచు బరువుకు పాత గూడు కూలింది. మళ్లీ మంచు పడేలోగా కొత్తది లేవాలి. లేకపోతే చనిపోయిన భార్య వదిలి వెళ్లిన కోళ్లు వంటింట్లో కాపురం పెడతాయి.

"ఏ గాలి?" అన్నాడు. "అవతల అంత గోడ ఉంది. దాన్ని దూకి వస్తుందా నీ గాలి?"

"వానొస్తే బురద కూడా..."

"ఇందాక గాలి అన్నావు."

జీబెక్ తల వంచుకుంది. మామకు వీపు చూపకుండా వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఇంట్లోకి పోయింది. వాళ్లుండే కొండ లోయలో కోడళ్లంతా పెద్దల ముందు నుంచి అలాగే వెళ్తారు. ఎసెన్‌కుల్ దాన్ని గౌరవం కింద జమకట్టలేదు. మర్యాద కాళ్లకు వచ్చింది గానీ నోటికి రాలేదు, అనుకున్నాడు.

కొడుకు తాలాయ్ ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, గడ్డి కలిపిన మట్టి తొక్కుతున్నాడు.

"పోనీ అటే పెడదాం నాన్నా. కోళ్లకేం, గుమ్మం ఎటున్నా దూరతాయి."

"కోళ్లకు నీకన్నా బుద్ధుంది. పెళ్లాం చెప్పిందని దారి మార్చుకోవు."

"తను ఈ ఇంటికొచ్చాక నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే."

"అందుకే చెడ్డ అలవాటు చెయ్యడం నాకిష్టం లేదు. పాత గూడు కట్టినప్పుడు మీ అమ్మా ఇలాగే గాలి గాలి అని చంపింది. అప్పుడూ గుమ్మం ఇటే పెట్టాను. ఒక్క కోడి గాలికి ఎగిరిపోయిందా? నువ్వు తొక్కు. మట్టి చాల్లేదు."

ఎసెన్‌కుల్ కూడా తన అసలు కారణం చెప్పలేదు. ఎవరైనా అడిగితే నక్క మీద కన్నేసి ఉంచాలనేవాడు. వాకిట్లో ఆప్రికాట్ చెట్టు కింద ఆయన బల్ల ఉంది. అంతకు ముందు అది వాళ్ల నాన్నది. పొద్దున్నే టీ తాగేది దాని మీదే. గుమ్మం ఇటుంటే, భార్య ఉమ్సునాయ్ పెంచిన కోళ్లు ఒక్కొక్కటే దులుపుకుంటూ బయటికి రావడం కనబడుతుంది. ఆమె పోయాక ఆయనకు రోజు మొత్తంలో చూడబుద్ధేసేది అదొక్కటే. దాన్ని కోడలి గాలి కోసం వదులుకోవడమా?

గూడు లేచింది. వేడి పోకుండా గుమ్మం నడుమెత్తుకన్నా తక్కువ పెట్టాడు. అది సరిగ్గా బల్లకు ఎదురుగా ఉంది.

మొదటి రోజు పొద్దున ఆయన రొట్టె తుంచుకుని టీలో ముంచుతుండగా గూట్లో ఒక్కసారిగా కోళ్ల గోల లేచింది. తలెత్తి చూస్తే జీబెక్ బుట్టతో బయటికి వస్తోంది. తలగుడ్డ నిండా గడ్డి. నుదుట బొప్పి. బుట్టలోంచి పచ్చసొన కారుతోంది.

"గుడ్లు తెమ్మంటే అట్టు వేసుకొచ్చావా?" అన్నాడు.

"అలవాటవుతుంది మావయ్యా."

అలవాటు కాకుండా చూస్తోంది, అనుకున్నాడు. గుమ్మం పనికిరాదని తేల్చడానికి కావాలనే పగలగొట్టింది. రేపు పగలగొడుతుండగా పట్టుకుంటాను.

మర్నాడు టీ గిన్నె పక్కన పెట్టేసి, కళ్లు గుమ్మానికే అతికించి కూర్చున్నాడు.

జీబెక్ బుట్టతో వచ్చింది. గుమ్మం ముందు ఆగింది. బల్ల వైపు ఒక్క క్షణం చూసింది. అప్పుడు గుమ్మానికి తన వీపు పెట్టి, ముఖం మామ వైపే ఉంచి, నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గూట్లోకి దూరడం మొదలుపెట్టింది. తల పైకప్పు దూలానికి ఠక్కున తగిలింది. కాలి కింద గుడ్డు చిట్లింది. కోళ్లు ఆకాశం విరిగి మీద పడ్డట్టు అరిచాయి.

అంత చిన్న గుమ్మం. వంగకుండా మనిషి దూరలేడు. అందరిలా ముందుకు వంగి దూరితే, వెనక బల్ల మీద కూర్చున్న పెద్దమనిషికి కోడలి శరీరంలో ఏ భాగం కనబడుతుందో ఎసెన్‌కుల్‌కు అప్పుడు వెలిగింది. ఆ మాట ఏ కోడలు మాత్రం మామకు చెప్పగలదు? గాలి అంటుంది. బురద అంటుంది.

ఉమ్సునాయ్ నుదుట కూడా ఎప్పుడూ ఓ బొప్పి ఉండేది. ఆ బల్ల మీద కూర్చునే ఎసెన్‌కుల్ నాన్న బతికున్నన్నాళ్లూ ఉండేది.

టీ చల్లారింది. ఆయన తాగలేదు.

మూడో రోజు పొద్దున తాలాయ్ వాకిట్లోకి వచ్చి నిలబడిపోయాడు. బల్ల వెనక్కి తిరిగి ఉంది. తండ్రి వీధి గోడకు ఎదురుగా కూర్చుని, గూటికి వీపు పెట్టి టీ తాగుతున్నాడు.

"ఇదేంటి నాన్నా? గోడలో ఏముందని? ఇంత గొడవపడి గుమ్మం ఇటు పెట్టుకుని కోళ్లను చూడవా?"

ఎసెన్‌కుల్ వెనకాల అడుగుల చప్పుడు గూటి దాకా వెళ్లి, ఆగకుండా లోపలికి పోయింది. ఒక్క కోడీ అరవలేదు. కాసేపటికి కూనిరాగం ఒకటి గూట్లోంచి బయటికొచ్చి, నిదానంగా వంటింటి వైపు సాగింది. గుడ్డు పగిలిన చప్పుడేమీ లేదు.

"అటు గాలి కొడుతోంది," అన్నాడు ఎసెన్‌కుల్.

తాలాయ్ చెట్టు వైపు చూశాడు. ఒక్క ఆకు కదలడం లేదు.

"గాలెక్కడ నాన్నా?"

"కొడుతోందని చెప్పాను. ఈ గూడు మాట మళ్లీ నా దగ్గర ఎత్తావంటే ఊరుకోను."

ఆయనా మళ్లీ ఎత్తలేదు.