ఊపిరి పట్టు, అవ్వా

కరోనా రెండో విడతలో గద్వాలలోని ఓ చిన్న దవాఖానలో సీటీ స్కాన్ తీసేవాళ్లంతా మంచాన పడ్డారు. ఎక్స్‌రేలు తీసే మిస్బాకు వారం రోజులు ఆన్‌లైన్ క్లాసులు చెప్పి, ఆ మిషన్ ముందు కూర్చోబెట్టారు.

రాత్రి సందడి తగ్గాక ఆమె ఫోన్లో పాఠం మళ్లీ పెట్టుకుంది.

"ఊపిరి పట్టమన్నాక వదలమని చెప్పడం మరవకండి" అంటోంది మేడం.

మిస్బా గుండె ఝల్లుమంది. మధ్యాహ్నం ఇటిక్యాల నుంచి స్కాన్‌కు వచ్చిన ముసలామె బాలనాగమ్మకు "ఊపిరి పట్టు, అవ్వా" అని మైకులో చెప్పింది. తెరమీద బొమ్మ రాగానే, ఆ సంబరంలో రెండో మాట మరిచిపోయింది. సాయంత్రానికి అవ్వ వార్డులో కన్నుమూసింది.

మిస్బా పాఠం ఆపేసింది. అద్దానికి అవతల స్కాన్ బల్ల ఖాళీగా ఉంది. ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అంతలో, లోపలి రోగి మాట వినిపించే స్పీకరు గరగరలాడింది.

"బిడ్డా..." బిగబట్టిన గొంతు. "నువ్వు జెప్పినట్టే పట్టుకోని ఉన్న. ఇగ ఇడువాల్నా?"

మిస్బా లేచి పారిపోబోయింది. కానీ ఆ గొంతులో కోపం లేదు. చెప్పినమాట వినే మనిషి ఓపిక ఉంది, అంతే. మైకు మీట నొక్కింది.

"ఇడువు, అవ్వా. మర్చిపోయిన... మాఫ్ చెయ్యి. ఇడువు."

స్పీకరులో పొడుగాటి నిట్టూర్పు మొదలైంది. అవతలి వైపు నుంచి అద్దం మెల్లగా మసకబారింది.