ఎనిమిదో సీసా

గుండ్లకమ్మ పొంగి రోడ్డు తెగిన వరద వచ్చి అప్పటికి మూడో ఏడు. ఊళ్లోని ఎనిమిది బోర్ల నీళ్ళూ పరీక్షకు పంపమన్నారు. రోజూ మోటార్లు వేసేది చెన్నయ్యే కాబట్టి సీసాలు నింపే పని కూడా ఆయన మీదే పడింది.

నింపాడు. బస్సులో మార్కాపురం తీసుకుపోయి నీళ్ల ఆఫీసులో ఇచ్చాడు. ఇంటికొచ్చేసరికి భార్య గోవిందమ్మ తెల్లగా గార కట్టిన సత్తు గిన్నెను రుద్దుతోంది.

“కాగేకొద్దీ నీళ్ళు పోయి విషమే మిగుల్తాంది” అంది విసుగ్గా.

ఆమె నడుము వంగి ఏడేళ్లయింది. తలెత్తి మొగుడి మొహం చూడాలంటే గోడ పట్టుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్ళు. ఊళ్లో అట్లాంటి నడుములు ఇంకో ఇరవై ఉన్నాయి. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు కోసం పెట్టిన అర్జీలకు లెక్క లేదు. ఈసారి పరీక్షలో తేలితే ఇస్తామన్నారు.

పది రోజులకు కబురొస్తే చెన్నయ్య మళ్ళీ బస్సెక్కాడు.

ఇంజనీరు బాలసుబ్రహ్మణ్యం కంప్యూటర్ ఇటు తిప్పి చూపించాడు. తెర మీద బోరుకొకటి చొప్పున ఎనిమిది నిలువు గీతలు. ఒకటి తాడిచెట్టంత. తక్కిన ఏడూ దాని కాళ్ల దగ్గర చీమల్లా ఉన్నాయి.

“చెడింది ఒక్క ఎనిమిదో బోరే పెద్దాయనా. పదమూడొచ్చింది. దాన్ని మూసేస్తే సరి. మిగతావి నేలకంటుకుని ఉండాయి చూడు. ఒక్క బోరుకు ప్లాంటు ఎవరిస్తారు?”

చెన్నయ్య నిలబడే ఉన్నాడు. చదివింది మూడో తరగతి. అంకెలు మాత్రం వచ్చు. చీమల కింద రాసినవి ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. రెండున్నర. మూడు. రెండు పాయింట్ ఎనిమిది.

“ఎంత దాటగూడదు సారూ?”

“ఒకటిన్నర.”

చెన్నయ్య ఆ ఒకటిన్నరను చీమల కింది అంకెల పక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత ఆఫీసులో కంప్యూటర్ పని చూసే నాగమల్లేశ్వరి వైపు తిరిగాడు.

“ఆ పొడుగుదాన్ని నడుముకాడ తుంచలేవా అమ్మాయ్? అదట్ల నిలబడితే పక్కనోళ్లు కనపడటంల్యా.”

“కందికట్టె ఇరిసినంత సులువుగా చెప్తాండావే తాతా” అని ఆ అమ్మాయి నవ్వింది. కానీ చేసింది. కొలతను నాలుగు దగ్గర ఆపింది. పొడుగు గీత పైభాగం తెగింది. దాచినట్టు ఉండకుండా తెగినచోట రెండు అడ్డగీతలు పెట్టి, పైన పదమూడు అని రాసింది. ఒకటిన్నర దగ్గర ఎర్రగీత లాగింది.

చీమలు లేచి నిలబడ్డాయి. ఏడుకేడూ ఎర్రగీత దాటి ఉన్నాయి.

ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇది చూస్తే ఫైలు కదులుతుందన్నాడు. అయితే ఆ పదమూడును పైవాళ్లు నమ్మరని, ఒక్క అంకె మీద అనుమానమొస్తే అన్నీ మూలకు పడతాయని చెప్పి, ఆ బోరు నీళ్ళు మళ్ళీ పట్టుకురమ్మని ఖాళీ సీసా చేతికిచ్చాడు.

“రేపు తెస్తా” అన్నాడు చెన్నయ్య.

మర్నాడు పొద్దున్నే ఎనిమిదో బోరు మోటారు వేసి, ఈసారి ఆ నీళ్ళను పొయ్యి మీద అడుగంటేదాకా మరగబెట్టకుండా, పట్టినవి పట్టినట్టే సీసాలో పోసి మూత బిగించాడు.