వెండి నీళ్ళు

సిల్వర్ నైట్రేట్ మళ్ళీ తగ్గింది.

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో స్టోర్‌కీపరమ్మ త్రాసును రెండోసారి సరిచూసింది. తగ్గిన మాట నిజమే, పిల్లలు వాడగా మిగిలింది లెక్కకు రావడం లేదు. ఆవిడ బీరువాకు తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకునే మనిషి. ఇంట్లో మొగుడు తుమ్మినా ఎందుకు తుమ్మావని ఆరా తీసే రకం. అలాంటి ఆవిడ ఏలుబడిలోనే దొంగతనం!

"ఎల్లుండే తనిఖీ. సరుకేమైందో చెప్పలేకపోతే నీ ఉద్యోగం నేను కాపాడలేనమ్మా" అని ప్రిన్సిపాల్ ముందే చేతులెత్తేశాడు.

ఆవిడ అనుమానమంతా సీసాలు కడిగే ముసలాయన మీదే. ఆరు నెలల కిందట ఎక్కడినుంచో వచ్చి పనిలో చేరాడు. ఊరేదంటే నవ్వుతాడు. ఇంతకుముందు ఏం చేసేవాడివంటే మాట మారుస్తాడు. పైగా వేళ్ళ నిండా నల్లటి మరకలు. సిల్వర్ నైట్రేట్ తగిలితేనే అలాంటి మరకలు పడతాయని ఆవిడకు తెలుసు.

ఆ మధ్యాహ్నం తలుపు చాటున కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కాపు కాసింది.

విద్యార్థులు ప్రయోగం కోసం సిల్వర్ నైట్రేట్‌లో అమ్మోనియా కలుపుతారు. ల్యాబ్‌లో అందరూ దాన్ని వెండి నీళ్ళంటారు. పిల్లలు వెళ్ళగానే ముసలాయన మిగిలినదంతా ఒక గిన్నెలోకి వంపి, అటూ ఇటూ చూశాడు.

"దొరికావు తాతా!"

ముసలాయన తొణకలేదు. "దొంగతనం కాదమ్మా. కాస్త యాసిడ్ వేసి పారబోస్తున్నాను. రోజూ చేసే పనే."

"వెండిని తూములో పోస్తున్నావా? ఎవరి చెవిలో పూలు పెడతావ్?"

"నిలవ ఉంచకూడదు తల్లీ. అడుగున నల్లగా పేరుకుంటుంది. తర్వాత కదిపితే చాలు, పేలిపోతుంది."

"సీసాలు కడిగేవాడివి, నాకు కెమిస్ట్రీ చెప్తావా?"

ఆయన తల దించుకున్నాడు. సంచీ వెతికిస్తే ఒక తువ్వాలు, మందుల చీటీ తప్ప ఏమీ దొరకలేదు. అయినా ఆవిడ అనుమానం తీరలేదు. ఎక్కడో దాచే ఉంటాడనుకుంది. సాయంత్రానికల్లా పనిలోంచి తీసేయించింది.

"నన్ను పంపేస్తే పంపేయండమ్మా. ఆ నీళ్ళు మాత్రం దాచొద్దు" అని రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

ఆవిడ దాచింది. ఆ రోజుదీ మర్నాటిదీ ఒకే పెద్ద సీసాలో పోసి అరలో పెట్టింది.

మూడోరోజు నల్లకళ్ళజోడు పెట్టుకుని తనిఖీ అధికారి వచ్చాడు.

"దొంగని పట్టేశాను సార్. ఇకమీద చుక్క కూడా పోదు. ఇదిగో చూడండి" అంటూ ఆవిడ ధీమాగా సీసా మీద చెయ్యి వేయబోయింది.

"ముట్టుకోకు!"

అధికారి అరుపుకి ల్యాబంతా హడలిపోయింది. సీసా అడుగున నల్లటి మడ్డి. క్షణాల్లో అందర్నీ బయటికి తరిమి, ఫైరింజన్ వాళ్ళను పిలిపించాడు. వాళ్ళు ఊపిరి బిగబట్టి దాన్ని మైదానంలోకి మోసుకెళ్ళి, ఇసుక బస్తాల మధ్య పెట్టి, దూరం నుంచి తాడుతో లాగారు.

ఒక్క మోత. కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"ఇన్నాళ్ళూ మీరంతా ఎలా బతికున్నారమ్మా?" అన్నాడు అధికారి.

ఆవిడ ఏడుస్తూ ముసలాయన సంగతి చెప్పింది. తూము పక్కన ఆయన అంటించి వెళ్ళిన చీటీ తెచ్చి చూపించింది. 'మిగిలింది ఏ రోజుకారోజే పారబోయండి.'

ఆ చేతిరాత చూడగానే అధికారి ముఖం పాలిపోయింది.

"ఎక్కడికి వెళ్ళారాయన?"

"తెలీదు సార్. అడ్రసు కూడా ఇవ్వలేదు."

అధికారి నల్లకళ్ళజోడు తీశాడు. ఎడమ కన్ను గాజుది.

"దేశదేశాల వాళ్ళు వెండి రసాయనాల గురించి ఆయన దగ్గరే నేర్చుకున్నారమ్మా. ఒకనాడు ఏమరుపాటున ఆయనే ఇలాంటి సీసా దాచారు, అది నా చేతుల్లో పేలింది. ఆ రోజే ప్రొఫెసర్ కుర్చీ వదిలేసి వెళ్ళిపోయిన మా మాస్టారికి 'నాకు మీ మీద కోపం లేదు' అని ఒక్క మాట చెప్పడానికి ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాను."