ఇదేం రంగు?

ఆమె చెయ్యెత్తితే దీపం బాగానే వెలిగింది. దాన్ని వెలిగించాల్సిన మనిషే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమండీ, ఒక్కసారి చెయ్యెత్తండి. నా కోసం."

కండక్టరు కళ్ళు మూసుకున్నాడు.

ఆమె ఉసూరుమంది. పగలంతా దుకాణంలో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసి, నడుం విరిగిపోతున్నా సాయంత్రాలు కూర్చుని చేసిన దీపం అది. పాడైన టేబుల్ ఫ్యాను జాలీకి పల్చటి తెల్ల కాగితం చుట్టింది. లోపల రంగుల బల్బులు, అడుగున కదలికను పసిగట్టే సెన్సరు. చెయ్యెత్తితే వెలుగుతుంది, పక్కకు ఊపితే రంగు మారుతుంది. స్విచ్చి మాత్రం కావాలనే పెట్టలేదు.

పక్షవాతంతో, బస్సు కండక్టరైన భర్తకు కుడిచెయ్యి పడిపోయింది. చివరి సీట్లో గుర్రుపెట్టేవాడు కూడా ఉలిక్కిపడి లేచేలా స్టాపులు కేకేసిన గొంతు, ఇప్పుడు మంచినీళ్ళు కూడా అడగలేకపోతోంది.

"చెయ్యి ఆడించాలి, మాట్లాడించాలి. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ రావమ్మా," అన్నాడు డాక్టరు.

ఆడించడానికి ఆయన ఒప్పుకోవాలి కదా! మాట్లాడించడానికి ఆమెకు ఓపికుండాలి కదా!

అలాంటిది, ఓ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి కండక్టరు చెయ్యి దుప్పట్లోంచి వణుకుతూ లేచింది. దీపం వెలిగింది.

"ఎ... రు... పు," అన్నాడు.

ఆమె చెప్పులు కూడా విప్పకుండా మంచం పక్కన కూలబడి భోరుమని ఏడ్చేసింది.

తన పనితనం మీద తనకే ముచ్చటేసింది. ఇన్ని మందులు చెయ్యలేనిది ఓ పాత ఫ్యాను జాలీ చేసిందంటే మాటలా!

"పై వాటా ఆవిడ పగలంతా మీ ఇంట్లోనే కాపురం," అంది ఎదురింటి పిన్ని ఒకరోజు. "తమ్ముడింటికి వచ్చిందట. మీ దీపంతో ఆవిడకి భలే కాలక్షేపం."

ఆమెకు ఒళ్ళు మండింది. అవసరానికి ఎవరైనా రాగలరని తలుపు దగ్గరగా వేసి వెళుతుంటే, కాలక్షేపానికి వస్తారా!

తలనొప్పిగా ఉందని ఓ మధ్యాహ్నం త్వరగా వచ్చేసింది. దీపం బాగా కనబడాలని కాబోలు, గదిలో కర్టెన్లన్నీ మూసి ఉన్నాయి. గుమ్మం దగ్గరే లోపలి మాటలు వినబడ్డాయి.

"ఇదేం రంగు?"

"ప... సుపు."

"పసుపంటే? ఎలాంటి పసుపు?"

"ఎం... డ."

"ఏ ఎండ? మిట్టమధ్యాహ్నం ఎండా, పొద్దుటి ఎండా? అలా తేల్చెయ్యకండి, సరిగ్గా చెప్పాలి. చెయ్యి ఊపండి. ఇప్పుడేం రంగు?"

ఆ మసక వెలుతురులో కండక్టరు ముఖమంతా చెమట. చెయ్యి గజగజ వణుకుతోంది. ఎదురుగా కుర్చీలో పై వాటా ఆవిడ, పాఠం అప్పజెప్పించుకునే టీచరులా నిటారుగా కూర్చుంది.

ఆమె తట్టుకోలేకపోయింది.

"ఆయనేమైనా ఒకటో తరగతి పిల్లాడా, రంగులు అడిగి పరీక్ష పెట్టడానికి? మంచాన పడ్డవాడంటే మీకు అంత వేళాకోళంగా ఉందా?"

ఆవిడ గతుక్కుమని లేచి నిలబడింది. "అయ్యో, వేళాకోళం కాదమ్మా..."

"ఇంకేం చెప్పకండి. మళ్ళీ ఈ గడప తొక్కకండి."

"ఆ... విడ... కి... ఆవి..." అంటూ కండక్టరు మాట కోసం పెనుగులాడాడు.

"మీరు ఆయాసపడకండి. ఇప్పటికే చాలా అలిసిపోయారు," అని ఆమె ఆయన నోటికి మంచినీళ్ళు అందించింది.

ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది. పక్కనుంచి వెళ్తూ కూడా ఆమె ముఖం వైపు చూడలేదు.

"ఎంత పొగరు!" అనుకుంది ఆమె.

మర్నాటి నుంచి దీపం వెలగలేదు.

వైర్లన్నీ విప్పి చూసింది. సెన్సరు తుడిచింది. తను చెయ్యెత్తితే ఇంచక్కా వెలుగుతోంది. కండక్టరు మాత్రం గోడవైపు తిరిగిపోయాడు. బతిమాలింది, కోప్పడింది, అలిగింది. ఆయన నోట ఒక్క అక్షరం రాలేదు. లేచిన చెయ్యి మళ్ళీ కొయ్యబారుతోంది. పోయింది, అంతా చేతులారా పోగొట్టాననిపించి ఆమెకు భయమేసింది.

పరీక్షలైతే పెట్టనీ, పాఠాలైతే చెప్పనీ. ఆయన నోట మాట రప్పిస్తే అదే పదివేలు. పంతం పక్కన పెట్టి మెట్లెక్కింది.

తమ్ముడు తలుపు తీశాడు. లోపల సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి.

"మీ అక్కగారితో ఒక్క మాట..."

"అక్క వెళ్ళిపోయిందండీ. నాకు బదిలీ అయింది. నాతో ఎన్ని చోట్లకని తిరుగుతుంది? పెద్దన్నయ్య తీసుకెళ్ళాడు. ఇంక అక్కడే."

ఆమె ఆ మూటలకేసి చూస్తూ గోడకు ఆనుకుంది.

"తొందరపడి నోరు జారాను బాబూ. మా ఆయనకి రంగుల పరీక్ష పెడుతున్నారనుకున్నాను."

"పరీక్షా?" అతను ఆశ్చర్యంగా చూశాడు. "రోజూ పైకొచ్చి మురిసిపోయేదండీ. కింద కండక్టరు గారు అంత కష్టపడి ఎరుపంటే ఏమిటో, పసుపంటే ఏమిటో చెబుతున్నారని, ఈ వయసులో తనకి రంగులు తెలుస్తున్నాయని. ఆ దీపం ఎలా ఉంటుందో ఆయన నోట వినాల్సిందే తప్ప, అక్కకి పుట్టుకతోనే చూపు లేదు కదండీ."