రాయిలో సముద్రం

ఖతార్‌లో మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక, ఒక ఖాళీ సైటులో రాజనర్సుది రాత్రి కాపలా డ్యూటీ. సెలవు నుంచి ఆ రోజే తిరిగొచ్చిన కిర్గిజ్‌స్తాన్ స్నేహితుడు బాకిత్, తన ఊరి తియాన్‌షాన్ కొండల్లో దొరికిన బూడిదరంగు రాయిని అతని చేతిలో పెట్టాడు. రాయిలో ఒక గవ్వ ఇరుక్కుని ఉంది.

"అక్కడ ఒకప్పుడు సముద్రం, భాయ్. మీ ఇండియా నేల వచ్చి నెట్టి నెట్టి దాని అడుగును కొండలు చేసింది. ఇప్పటికీ నెడుతూనే ఉంది," అని వచ్చీరాని హిందీలో చెప్పి, నవ్వుకుంటూ లేబర్ క్యాంపుకు వెళ్ళిపోయాడు.

తన నేల అంత పని చేసిందా అని రాజనర్సుకు పట్టరాని సంతోషం కలిగింది. క్యాబిన్‌లో ఒంటరిగా కూర్చుని రాయిని చెవికి ఆనించుకున్నాడు. లోపల అలల హోరు వినిపించింది. వెంటనే ఊళ్ళో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

"ముత్తవ్వా, రాయిల సముద్రం సప్పుడైతున్నదే!"

"తాగినవా ఏంది? దుబాయ్‌ల గాలి గావచ్చు," అని, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఆమె నవ్వింది.

అతను ఫోన్‌ను రాయికి ఆనించాడు. ముత్తవ్వ చెవి రిక్కించి వింది.

"అలలు కాదయ్యా. లోపట ఎవరో తలుపు కొట్టినట్టు కొడుతున్నరు."

రాజనర్సుకు నవ్వు ఆగలేదు. వేలి కణుపుతో రాయిమీద రెండుసార్లు తట్టాడు. లోపలి నుంచి రెండుసార్లు జవాబు వచ్చింది. ఫోన్‌లో ముత్తవ్వ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది.

ఈసారి మూడుసార్లు తట్టాడు. రాయి పలకలేదు. అలల హోరు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, సరిగ్గా అతని అరికాళ్ళ కింద, నేల లోపలి నుంచి మెల్లగా మూడు దెబ్బలు వినిపించాయి.

రాజనర్సు కాళ్ళు కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"ఇంకోసారి కొట్టు, ఇంకోసారి!" అని ముత్తవ్వ సంబరంగా అడుగుతూనే ఉంది.