ఎడమవైపు గీతలు

"మీ కారు మీద గీతలున్నాయి కదండీ, పోగొట్టి వెళతాను. డబ్బులేం వద్దు."

గేటు బయట చేతిసంచితో నిలబడ్డ మనిషిని లాయరు ఎగాదిగా చూశాడు. ఊరికే వచ్చిందేదీ ఊరికే రాదని ఆయన నమ్మకం.

"గీతలున్నాయని నీకెలా తెలుసు?"

"రోడ్డు మీద చూశానండీ."

పదిరోజుల క్రితం లాయరు తండ్రి ఈ కారు తీసుకెళ్లి, ఎడమవైపు పొడుగునా గీతలతో తిరిగొచ్చాడు. తలుపు మీద గోరంత పెచ్చులు కూడా లేచిపోయాయి. "ఎవరో రాసుకుపోయార్రా" అన్నాడంతే. ఎవరంటే చూడలేదన్నాడు.

"సరే, చెయ్యి. నేనిక్కడే కూర్చుంటా."

"కూర్చోండి. ఒకసారి డోరు తియ్యండి. రంగు నంబరు లోపల ఉంటుంది."

లాయరు ముందు కారులోని కాగితాలు, కళ్లజోడు, ఆఖరికి పాత గొడుగు కూడా తీసి పక్కన పెట్టుకున్నాడు. తర్వాతే పక్కకి జరిగాడు.

అతను నంబరు చూసి, సంచిలోంచి చిన్న సీసా తీశాడు. అచ్చం అదే రంగు.

"ముందే తెచ్చుకున్నావే! అంటే బాగా దగ్గర్నుంచే చూశావన్నమాట."

అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. సబ్బునీళ్లతో తలుపు కడిగాడు. నీటిలో నానిన గరుకు కాగితంతో పెచ్చుల అంచులు మెల్లగా అరగదీశాడు. అగ్గిపుల్ల కొనతో ఒక్కో గుంటలో ఒక్కో చుక్క రంగు పెట్టాడు. ఆరేదాకా ఊదుతూ కూర్చుని, మళ్లీ ఇంకో చుక్క.

ఇంత శ్రద్ధ ఎందుకు? లాయరుకి అనుమానం ముదిరింది.

"నువ్వే కదూ గుద్దింది?"

అతని చెయ్యి ఆగింది.

"నా బండే తగిలిందండీ."

"అదీ సంగతి! గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటూ వచ్చాడు. ముసలాయన్ని నడిరోడ్డు మీద వదిలేసి పోయి, ఇప్పుడు కేసవుతుందని భయపడ్డావు!"

అతను ఏదో అనబోయి మింగేశాడు.

"పెద్దాయన కులాసాగా ఉన్నారా?"

"ఆయన ఊసెత్తకు. నడు బయటికి!"

"పాలిష్ ఒక్కటే మిగిలింది..."

"అక్కర్లేదన్నానా?"

అతను తడిగుడ్డ పిండుకుని సంచిలో పెట్టుకున్నాడు. "రెండ్రోజులు నీళ్లు తగలనివ్వకండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

కాసేపటికి కోడలితో రక్తపరీక్షకు వెళ్లిన తండ్రి ఆటో దిగాడు. కారు తలుపు చూసి అక్కడే ఆగిపోయాడు.

"వచ్చాడా? కాసిని మంచినీళ్లైనా ఇచ్చావా?"

"మంచినీళ్లా! తన బండే తగిలిందని ఒప్పుకున్నాడు నాన్నా. గడ్డి పెట్టి పంపించా."

"అంతేనా? ఇంకేం చెప్పలేదా?"

"ఇంకేముంది చెప్పడానికి?"

పెద్దాయన గబగబా గేటు వైపు తిరిగాడు. "ఎటు వెళ్లాడు? పిలుచుకురారా, పరిగెత్తు!"

లాయరు వీధి చివరిదాకా వెళ్లాడు. అక్కడ ఎవరూ లేరు. పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగొచ్చేసరికి తండ్రి మెట్టు మీద కూలబడి ఉన్నాడు.

"అతని పేరేంటి నాన్నా?"

"నాకూ చెప్పలేదురా. 'మావాడికి తెలిస్తే ఇక నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూస్తాడయ్యా' అని ఆ రోజు అతని చేతులు పట్టుకుని ఏడ్చాను. 'మీవాడితో ఒక్క ముక్క చెప్పను, గీతలు నేనొచ్చి పోగొడతాను. మీరు మాత్రం ఇక స్టీరింగు ముట్టకండి' అని ఒట్టేయించుకున్నాడు."

"ఏం తెలిస్తే?"

పెద్దాయన తలెత్తలేదు.

"నేను కళ్లు తిరిగి స్టీరింగు మీద పడిపోతే, బడి వదిలిన పిల్లల మీదికి పోతున్న కారుకి ఎడమపక్క నుంచి తన బండి అడ్డం పెట్టి ఆపింది అతనేరా."